ముక్కలుగా వచ్చినవాళ్ళు

“మూడు నెలల కిందటే నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను బావా! విన్నావా నువ్వు?”

ఆ అరుపుకి హాల్లో నలభై తలలు ఇటు తిరిగాయి. బావ గబుక్కున సర్వర్ గది తలుపు మూశాడు. ఆమె గొంతు మాత్రం ఆగలేదు.

అది అక్క మొగుడి ఆఫీసు. నెట్‌వర్కు పనంతా ఆమె చేతుల మీదే నడుస్తోంది. ఒక్కో కేబులూ దగ్గరుండి వేయించుకుంది. అలాంటి దాంట్లోకి ఈ పొద్దున ఎవరో చొరబడ్డారు. సిబ్బంది జాబితాలో సగం పట్టుకుపోయారు. ఎవరి పేరేమిటో, ఎవరి ఇల్లెక్కడో అన్నీ అందులో ఉన్నాయి. మిగతా సగం కోసం ఇంకా వస్తూనే ఉన్నారు.

“ఫైర్‌వాల్ ఉందిగా? మరెలా వచ్చారు?” అన్నాడు బావ.

“ముక్కలుగా వచ్చారు! కత్తి పట్టుకుని వస్తే వాచ్‌మన్ ఆపుతాడు. పిడి ఒకడూ, అలుగు ఒకడూ, మేకు ఒకడూ తెస్తే? ఇందులో ఏముందిలే అని ఒక్కొక్కణ్ణీ వదిలేస్తాడు. లోపలికొచ్చి బిగించుకుంటారు. వాళ్ళు కంప్యూటర్‌కిచ్చే ఆజ్ఞని ముక్కలు చేసి పంపారు, మన ఫైర్‌వాల్ ఆ వాచ్‌మన్ లాగే వదిలేసింది. ముక్కలన్నిటినీ గుమ్మంలోనే అతికించి చూడమని నేను రూల్ పెట్టాను. తీయించిందెవరు?”

బావ మెడ రుద్దుకున్నాడు. “ఫోన్లలో మాట తెగిపోతోందని హాల్లో పిల్లలు గోల పెడితేనూ...”

“తెగితే తెగింది! ఇప్పుడు మన పీకలే తెగేలా ఉన్నాయి.”

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. అరికాలి మంట నెత్తికెక్కింది. కీబోర్డు మీద వేళ్ళు టకటకలాడాయి.

“ఎవరంటావ్?” బావ గొంతు తగ్గించి అడిగాడు.

“తెలియనట్టు అడక్కు. చెప్పా పెట్టకుండా పరాయి ఇంట్లో దూరి గుట్టు లాగుతారా! సిగ్గుండక్కర్లా? ఈ నలభై మందీ రేపు ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్ళాలి? వీళ్ళ పొయ్యిలో నీళ్ళు పోస్తే వాళ్ళకేం ఒరుగుతుంది?”

కోపంలో మొదట ముక్కలుగా వచ్చే ప్రతిదాన్నీ ఆపేసింది. నిమిషం తిరక్కుండానే హాల్లోంచి ఓ కుర్రాడి కేక.

“అక్కా, ఫోన్లు పోయాయి!”

ఆఫీసు ఫోన్లలో మాటలూ ముక్కలుగానే వస్తాయి మరి. పళ్ళు కొరుక్కుంటూ ఆ రూల్ చెరిపేసింది. ఈసారి నిదానంగా రాసింది. ముక్కలన్నీ వచ్చేదాకా గుమ్మంలోనే ఉంచాలి. అతికించి చూశాకే లోపలికి వదలాలి. ముప్పై సెకన్లలో మిగతావి రాకపోతే చెత్తలో పారేయాలి.

అయినా ఒకటి జారి లోపలికొచ్చింది.

ఆమె ఆ ప్యాకెట్‌ను, ఆ ముక్కల కట్టను, విప్పి చూసింది. మొదటి ముక్కలో ఉన్నవి అమాయకపు అక్షరాలు. రెండో ముక్క సగం దాని మీదే ఎక్కి కూర్చుని, ఆ అక్షరాల్ని చెరిపి అసలు ఆజ్ఞ రాస్తోంది.

“ఓరి మీ తెలివి తగలెయ్య!”

ఒకదాని మీద ఒకటి ఎక్కే ముక్క కనబడితే మొత్తం కట్టనే పారేసేలా ఇంకో రూల్ పెట్టింది. ఆఫీసు ఫోన్లకి మాత్రం దారి వేరు చేసింది. అలర్ట్ మోగేలా చేసి, కాచుక్కూర్చుంది.

తెర మీద ఎర్ర గీత ఒకటి. మూడు. పదకొండు. ఒక్కటీ లోపలికి రాలేదు. పావుగంటకి అటువైపు నుంచి రావడమే మానేశాయి.

బావ కుర్చీలో కూలబడ్డాడు. “బతికించావు తల్లీ.”

“ఇంకోసారి నా రూల్ మీద చెయ్యేశావో, అక్క మొగుడివని కూడా చూడను.”

విసురుగా తలుపు తీసింది. హాల్లో అందరూ హెడ్‌ఫోన్లు చేత్తో పట్టుకుని ఆమె వంకే చూస్తున్నారు.

“చూసింది చాలు. పని మొదలుపెట్టండి!”

“సైబర్ పోలీసుల నుంచి మాట్లాడుతున్నాం, మీ పేరు మీద అరెస్టు వారెంటు ఉంది, ఫోను పెట్టేశారంటే జైలే” అంటూ నలభై గొంతులు నలభై మంది ముసలివాళ్ళ మీద ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. ఆమె గుమ్మంలోనే ఆపేసిన అసలు సైబర్ పోలీసులకి అందులో ఒక్క మాటా వినపడలేదు.