బోర్డు మీద ఎనిమిది

బోర్డు మీది సున్నాను ఎవరో బొగ్గుతో కొట్టేశారు.

పక్కనే ఇంకేదో అంకె వేశారు.

భూమయ్యకు ఒళ్లు మండింది. నిన్న సాయంత్రమే కదా గుంత తవ్వి, సిమెంటు పోసి ఆ బోర్డును నిలబెట్టింది!

"మౌలాలన్నా, జర ఇటు రా! గీ బోర్డు ఎవడో ఖరాబు జేసిండు."

ఫోర్‌మన్ మౌలాలిది కడప. ఇరవై ఏళ్లుగా ఒమన్‌లో ఉన్నాడు, అరబ్బీ చదవగలడు. ఒక్కో వరుసా వేలు పెట్టి చదివాడు.

"ఎత్తు, తొమ్మిదొందల మీటర్లు. ఇండ్లు, ముప్పై నాలుగు. నీళ్ల కాలవ, ఐదొందల ఏండ్ల నాటిది. జనాభా..."

ఆగాడు.

"సున్నా ఉండాల. ఎనిమిదని రాసినారు."

కొండ మీది ఆ ఊరు ఖాళీ అయి చాలా ఏళ్లయింది. జనమంతా కింద కొత్త కాలనీకి దిగిపోయారు. కూలిన మట్టిగోడలు నిలబెట్టి, ఊరిని టూరిస్టులకు చూపించాలని ఇప్పుడు పని పెట్టారు. మౌలాలి, భూమయ్య, ఇంకో ఐదుగురు పది నెలలుగా అక్కడే రూములేసుకుని ఉంటున్నారు.

గురువారం పెద్ద సార్లు వస్తున్నారు. పని అప్పజెప్పేస్తే భూమయ్యకు లీవు. అతను జగిత్యాల మొహం చూసి మూడేళ్లయింది.

"ఇంకెవలు? ఆ గుడ్డల ముసలోడే!" అన్నాడు భూమయ్య.

ముసలాయన రోజూ పొద్దున్నే కింది కాలనీ నుంచి ఎక్కి వస్తాడు. ఊరి మధ్య పాతిన కట్టె ముందు కూర్చుని దాని నీడను చూస్తుంటాడు. తర్వాత పాతగుడ్డల మూట పట్టుకుని కొండ వెనక్కి పోతాడు. ఒకసారి పనివాళ్లను వేలు పెట్టి లెక్కపెట్టాడు కూడా. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా, పోలీసులకు చెబుతాడేమోనని రెండ్రోజులు అందరికీ గుండెల్లో రాయి పడింది.

ఇప్పుడూ అక్కడే కూర్చున్నాడు. వేళ్లకు బొగ్గు.

"ఎందుకు రాసినవ్?" భూమయ్య బోర్డు చూపించి అరిచాడు.

ముసలాయన నవ్వాడు. ఎనిమిది వేళ్లు చూపించాడు.

"ఎవ్వలు ఎనిమిది మంది? దయ్యాలా?"

ఆ మాటను మౌలాలి అరబ్బీలో చెప్పలేదు.

భూమయ్య గుడ్డల మూట లాక్కుని లోయలోకి విసిరేశాడు.

"ఖలాస్! ఇగ ఇటు రాకు!"

ముసలాయన లోయ వైపు చూశాడు. కట్టె నీడ వైపు చూశాడు. దిగి వెళ్లిపోయాడు.

ఇది ఆదివారం.

సోమవారం ఆయన రాలేదు. పీడ వదిలిందనుకున్నారు. భూమయ్య బోర్డు మీద మళ్లీ సున్నా వేయించాడు. రోజూలాగే పది దాటాక కాలువలో నీళ్లొచ్చాయి, పని దగ్గరి తొట్టి నిండింది. మంగళవారం కూడా అంతే. ఆ నీళ్లు ఎలా వస్తున్నాయని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. కంపెనీ చూసుకుంటోందనుకున్నారు.

బుధవారం నీళ్లు రాలేదు.

ఒక్క గోడకు ఆఖరి పూత మిగిలింది. నీళ్లు లేకపోతే పూత లేదు. పూత లేకపోతే లీవు లేదు.

భూమయ్య, మౌలాలి కాలువ పట్టుకుని కొండ వెనక్కి ఎక్కారు. అక్కడ కాలువ రెండుగా చీలింది. నీళ్లన్నీ కాలనీ తోటలకు పోతున్నాయి. సైట్ వైపు దారికి ఒక గుడ్డ కుక్కి ఉంది.

పాతగుడ్డ కాదు. ముసలాయన తలకు చుట్టుకునే పూల అంచు గుడ్డ.

"జూసినవా అన్నా! పగవట్టి నీళ్లు బంద్ జేసిండు!"

భూమయ్య గుడ్డ లాగబోయాడు.

వెనక నుంచి ఎవరో వద్దన్నారు. కంపెనీ ఇంజనీరు నాదియా. బోర్డు చూద్దామని కాలనీ మీదుగా వచ్చి, వాళ్లను వెతుక్కుంటూ పైకి ఎక్కింది. అరబ్బీలో ఏదో చెప్పింది. మౌలాలి మొహం మారిపోయింది.

"ఆ పెద్దాయన పేరు ఖల్ఫాన్ అంట. ఈ పొద్దు తెల్లారేసరికి నిద్రలోనే పోయినాడంట."

భూమయ్య చెయ్యి ఆగింది.

"ఈ ఊర్లో ఇంటికింత సేపని నీళ్ల వంతంట. కట్టె నీడే గడియారం. ఆయనది అర్ధగంట. ఆ అర్ధగంటా మన తొట్టికి తిప్పుతా వచ్చినాడు. ఈ పక్క గుడ్డ తీసి ఆ పక్క పెట్టేది, అయినాక మళ్లా ఈ పక్క మూసేది."

"మరి కంపెనీ?"

"ట్యాంకరు పంపిస్తామంటే ఆయనే వద్దన్నాడంట. ఊర్లో ఉండేటోళ్లు నీళ్లు కొనుక్కుంటారా అన్నాడంట."

నాదియా ఇంకా చెబుతోంది. మౌలాలి గొంతు తగ్గింది.

"గుడ్డల మూటేదని కూతురడిగితే, పారేసుకున్నానన్నాడంట. మనకు అడ్డమెందుకని ఈ రెండ్రోజులూ వెనక దారిన ఎక్కినాడంట."

కింద, తొట్టి పక్కన, పదకొండు ఖర్జూరం చెట్లు నిలువునా ఎండిపోయి ఉన్నాయి. పది నెలలుగా భూమయ్య వాటి మధ్యే తాడు కట్టి బట్టలారేస్తున్నాడు. ఎవరివని అడగలేదు. ఇప్పుడు అడగనక్కర్లేదు, ఆ అర్ధగంట నీళ్లు వీటివే.

"మేడమ్‌ను ఒక్క మాట అడుగన్నా. ఆ ఎనిమిది మంది ఎవ్వలు?"

మౌలాలి అడిగాడు. నాదియా చెప్పింది విని తెలుగులో చెప్పాడు.

"బోర్డు రాసేటప్పుడు, ఊర్లో ఎంతమందని ఆయన్నే అడిగిందంట. ఎనిమిదన్నాడంట. కాగితాల్లో ఆయన అడ్రసు కూడా కాలనీదే గదా, వయసు మీదపడి చెప్తాన్నాడని సున్నా రాయించిందంట."

భూమయ్య వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. మౌలాలి. తను. మిగతా ఐదుగురు. ఏడు.

ఎనిమిదో మనిషిని ఆదివారం నాడు తానే ఊళ్లోంచి వెళ్లగొట్టాడు.