బావి గుర్తు

"ఈ మంచులో చెరువులో దిగద్దప్పా. ముందర ఏముండాదో కనపడల్యా" అంటూ హనుమక్క మొగుడి కండువా పట్టుకుని లాగింది.

యేసన్న కండువా విడిపించుకుని పంచె ఎగగట్టాడు. చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడు.

"బత్తలపల్లె రోడ్డులో తొలి బస్సు తప్పితే మళ్ళా పదికే. గౌతమికి పొద్దున్నే రక్తం ఎక్కించల్లంట. దానికి సరిపోయేది నా రక్తమేనని డాక్టరే చెప్పె. నేను పోకుంటే ఎవరు పోతారు?"

కూతురికి కాన్పు కష్టమైందని, తండ్రిని వెంటనే పంపమని నిన్న చీకటి పడ్డాక అంజినప్ప అంగడికి ఫోన్ వచ్చింది. అప్పటికి బస్సులు అయిపోయాయి.

"కట్ట మీద పోరాదా?"

"నీళ్ళు పొర్లే మరువకాడ కట్టకు గండి పడింది కదా. గుట్ట చుట్టూ తిరిగి పోయేసరికి బస్సు అనంతపురంలో ఉంటాది."

ఆ చెరువులో ఇన్ని నీళ్ళు చూసి గౌతమి వయసంత కాలమైంది. ఎప్పుడూ ఎండి ఉండే చెరువు కదా అని ఊరివాళ్ళు దాని నడుమ నుంచే రోడ్డుకు దారి వేసుకున్నారు. తాగే నీళ్ళకని ఆ దారి పక్కనే బావి కూడా తవ్వుకున్నారు. మొన్నటి తుపానుకు దారీ బావీ రెండూ మునిగిపోయాయి. దారి పొడవునా మోకాటి లోతే, బావి దగ్గర తప్ప. ఊళ్ళో ఈత వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఎక్కడ నేర్చుకుంటారు పాపం.

"మరి బావో?" అంది హనుమక్క.

"ఎవరూ పడకుండా దానికి గుర్తు కట్టినాలే నిన్న పొద్దుగూకే యాళకు. ఆ గుర్తు కనపడేదాకా భయం లేదు. కనపడినాక ఎడమకు జరిగి పోవల్ల, అంతే." యేసన్న నీళ్ళలో కాలు పెట్టి, చలికి పళ్ళు బిగించాడు. "ట్యాంకరుకు బిందె పెట్టినావా?"

చెరువు నిండినా ఆ ఎర్రనీళ్ళు గొంతు దిగవు. తాగడానికి ఇప్పటికీ ట్యాంకరే దిక్కు.

"పెట్టినా. ఈపొద్దు రెండు పెట్టినా, అందరికన్నా ముందర."

"మంచి పని చేసినావు. నీళ్ళు పట్టుకుని ఇంటికి పో. చలి."

నాలుగడుగులకే మంచు అతన్ని మింగేసింది. హనుమక్క ఇంటికి పోలేదు. కాళ్ళు నీళ్ళ అంచున పెట్టి నిలబడింది. కూతురు బతకాలి, మొగుడు క్షేమంగా అవతల తేలాలి. ఏసయ్యను ఆమె ఈ రెండే అడిగింది.

"యాడుండావప్పా?" అని కేకేసింది.

"పోతాండా." గొంతు దగ్గరగానే వినిపించింది.

"బావి దాటినావా?"

"ఇంగా రాలేదు. గుర్తు కనపడల్యా."

నీళ్ళు తోసుకుపోతున్న చప్పుడు మెల్లగా దూరమైంది. రాత్రంతా వీచిన గాలి తెల్లారేసరికి పడిపోయింది. చలి మాత్రం ఎముకల్లో దూరుతోంది. హనుమక్క కొంగు తల చుట్టూ బిగించుకుంది.

"గుర్తు కనపడిందా?"

"లేదు మే. బావి ఇంత దూరముంటాదనుకోలేదు. కనపడేదాకా భయం లేదంటి కదా, నువ్వు పో."

"ఏం గుర్తు పెట్టినావప్పా, అంత ధైర్యంగా ఉండావు?"

మంచులోంచి యేసన్న గొంతు సన్నగా వచ్చింది. "పాత నీలం బిందె. మూతికి గుడ్డ కుక్కి, బావి అంచు రాయికి తాడేసి కట్టినా. తేలతా ఉంటాది."

హనుమక్క నీళ్ళలోకి ఉరికి అరిచింది.

"ఆడే నిలబడు. అడుగు తియ్యద్దు. యేసన్నా, అడుగు తియ్యద్దు." మొగుణ్ణి ఆమె పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

నీళ్ళు ఒక్కసారి గట్టిగా చప్పుడు చేశాయి. తర్వాత ఆ చప్పుడూ లేదు.

వెనక ఊళ్ళోంచి ట్యాంకరు హారను వినిపించింది. ఆ తెల్లవారుజామున చెరువు ఒడ్డుకు కొట్టుకొచ్చి దొరికితే, దాని మెడకు మిగిలిన తాడు తెంపి, మూతికి కుక్కిన గుడ్డ పీకి, కడిగి ఆమె సంతోషంగా పెట్టి వచ్చిన నీలం బిందె వరసలో అందరికన్నా ముందర ఉంది.