ఆ ఇంటి పెద్దదిక్కు

ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా తప్పితే సర్దుకుని చదువుకోండి. అక్షరాలు ఆలస్యంగా నేర్చాను, చెయ్యి ఇంకా నెమ్మదే.

"ఏదీ, చేతులు చూపించు," అంది ముసలావిడ.

లిఫ్టులు బాగుచేసే పిల్ల రెండు చేతులూ చాపింది. పొద్దున్నే సబ్బు పెట్టి తోమినా గోళ్ల మూలల్లో గ్రీజు నలుపు వదల్లేదు. ముసలావిడ మూతి ముడిచి, కళ్లజోడు తీసి, ఆ నలుపు అద్దాలకి కూడా అంటిందేమో అన్నట్టు తుడుచుకుంది.

"ఏమీ అనుకోకమ్మా," అన్నాడు ఆమె పెళ్లాడాలనుకుంటున్న పిల్లవాడి తండ్రి. ఆయన రిటైరైన ప్రొఫెసరు. మైకు దొరికితే సమానత్వం గురించి గంటసేపు దంచుతాడు. "మాకిలాంటి పట్టింపులు లేవు. మా మేనత్త పాతకాలం మనిషి. మా నాన్న పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఆవిడ గీసిన గీత నేను దాటలేను."

"మేమిద్దరం ఎప్పుడో ఒప్పేసుకున్నాం తల్లీ," అంది ఆయన భార్య. ఆడపిల్లలకి ధైర్యం నూరిపోస్తూ పత్రికల్లో వ్యాసాలు రాస్తుందావిడ. "ఇక అత్తయ్యగారి మాటే తరువాయి."

పిల్లకి ఒళ్లు మండింది. ఈ బిల్డింగులో లిఫ్టు ఆగిపోయి, బాగుచెయ్యడానికొచ్చి, అందులో ఇరుక్కున్న వీళ్ల కొడుకుని బయటికి లాగి, అతనితో ప్రేమలో పడ్డ నాటి నుంచీ ఇదే పాట. అభ్యంతరం లేదంటారు, ముందుకి కదలరు. చదువుకున్నవాళ్లు కదా, కాదనడానికి సిగ్గు. తీరా గత వారం ఈ మేనత్త ఊడిపడింది. ఇన్నేళ్లూ ఏవో మాటపట్టింపులతో రాకపోకలు లేవట, ఇప్పుడు కలిసిపోయారట. పిల్లవాడు కూడా ఆవిణ్ణి చూడటం ఇదే మొదలు.

నిన్ననే పిల్ల అతనితో తెగేసి చెప్పింది. "రేపు తేలాలి. తేలకపోతే నేను బదిలీ రాయించుకుని పోతున్నాను. నువ్వూ మీ అమ్మానాన్నా కలిసి సమానత్వం సాధించుకోండి."

ఆ మహానుభావుడు ఇప్పుడు కుర్చీలో బొమ్మలా కూర్చుని ఫోను గీకుతున్నాడు.

వీళ్లందరికంటే ఈ ముసలిదే నయం అనుకుంది పిల్ల. ఉన్నమాట మొహం మీదే అంటోంది.

"పెళ్లయ్యాక కూడా ఈ తాళ్లు పట్టుకుని వేలాడతావా?"

"వేలాడతానండీ. తొమ్మిది అంతస్తులు మీరు ఎక్కలేరు కదా."

"నోరుంది."

"పని కూడా ఉందండీ."

ముసలావిడ పిల్ల పక్కన కూర్చున్న తల్లి వైపు తిరిగింది. "దీని తండ్రేడీ?"

పిల్ల తల్లి బస్సు కండక్టరు. ఎంత నెమ్మదిగా మాట్లాడినా వెనక సీటు దాకా వినిపించే గొంతు. "లేడమ్మా."

"పోయాడా?"

"పోలేదు. నేనే పొమ్మన్నాను."

ప్రొఫెసరు భార్య కళ్లు మెరిశాయి. "చూశారా అత్తయ్యగారూ, ఎంత నిజాయితీగా చెప్పిందో! మేమైతే అర్థం చేసుకోగలం. మీకే కష్టం, పాపం. మొగుణ్ణి వదిలేసిన ఇల్లంటే మీరు గడప కూడా తొక్కరు."

"నువ్వుండు," అంది ముసలావిడ. "ఎందుకు పొమ్మన్నావు?"

"తాగొచ్చి కొట్టేవాడు. నన్ను కొట్టినన్నాళ్లూ ఊరుకున్నాను. దీని మీద చెయ్యెత్తిన రోజు పెట్టె సర్ది వీధిలో పెట్టేశాను. నా పెట్టె కాదమ్మా, వాడి పెట్టె."

పిల్ల తన తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అయిపోయింది, ఇక లేచి పోవడమే అనుకుంది.

"తప్పు చేశావు," అంది ముసలావిడ.

ప్రొఫెసరు భార్య విచారంగా తలూపింది. ఆ విచారంలో పెదవుల చివర చిన్న నవ్వు దాక్కుని ఉంది.

"నిన్ను కొట్టిన మొదటి రోజే పెట్టాల్సింది ఆ పెట్టె."

తలూపుతున్న తల టక్కున ఆగింది.

"అత్తయ్యా," అన్నాడు ప్రొఫెసరు కంగారుగా, "తొందరేం లేదు. నిదానంగా ఆలోచించుకుని..."

"ఈ ఇంట్లో నా గీత దాటనని ఇందాక అన్నది నువ్వేనా అబ్బాయ్?"

"అన్నాననుకోండి... కానీ..."

"కానీ లేదు, అర్ధణా లేదు. నాకు పిల్ల నచ్చింది, పిల్ల తల్లి ఇంకా నచ్చింది. నిజం చెప్పాలంటే మీ ఇంటికి వీళ్లు ఎక్కువే. వచ్చే నెల దాటకుండా పెళ్లి చేసెయ్యండి. ఇది నా మాట."

బొమ్మకి ప్రాణం వచ్చింది. పిల్లవాడు ఒక్క ఉదుటున లేచి "బామ్మా!" అంటూ ముసలావిణ్ణి వాటేసుకున్నాడు. మరుక్షణం బాల్కనీలోకి పరుగెత్తి, వీధంతా వినబడేలా స్నేహితులకి ఫోన్లు మొదలెట్టాడు. "బామ్మ ఒప్పుకుందిరా! ఇంక మా నాన్న కూడా ఏమీ అనలేడు!"

ప్రొఫెసరు నవ్వాడు. జిగురు పెట్టి అంటించినట్టుంది ఆ నవ్వు. "మాకూ... మేం ముందే చెప్పాంగా... సంతోషమే."

"అత్తయ్యగారూ, ఒక్కసారి వంటింట్లోకి వస్తారా?" అంది ఆయన భార్య, పళ్ల మధ్య నుంచి.

ఇద్దరూ లోపలికి వెళ్లారు. కాబోయే ఇల్లు కదా అని పిల్ల ఖాళీ గ్లాసులు ట్రేలో సర్దుకుని వెనకే నడిచింది. వంటింటి తలుపు ఓరగా వేసి ఉంది. కాలితో తోయబోయి, లోపలి గుసగుస విని ఆగిపోయింది.

"కాదనడానికే కదా నిన్ను అద్దెకు తెచ్చుకుంది!"