పది రోజుల గడువు

ఒక రక్షిత అడవిలో లాంటానా కంప దట్టంగా అల్లుకుని గడ్డిని మొలవనివ్వలేదు. జింకలు ఆకలితో చిక్కిపోయాయి. కంపనంతా వేళ్లతో సహా పెకలించే పని ఏనుగు తలకెత్తుకుంది.

చివరి పొదలో పిగిలిపిట్ట గూడు ఉంది.

"మామా, పిల్లలకు ఇంకా రెక్కలు రాలేదు. పది రోజులు ఆగు," అంది పిట్ట.

"ఈ పండ్లు తిని అడవంతా విత్తనాలు చల్లింది నువ్వే. ఇప్పుడు గడువు కూడా కావాలా? రేపో మాపో వాన పడితే కంప మళ్లీ చిగురిస్తుంది," అంది ఏనుగు.

ఆకాశంలో మబ్బు తునక లేదని దానికి తెలుసు. పని పూర్తయిందని జింకల చేత అనిపించుకోవాలన్నదే దాని తొందర. పొదను పెకలించేసింది.

వాన ఇరవై రోజులకు గాని రాలేదు. వచ్చాక గడ్డి పచ్చగా మొలిచింది.

"తొలి పరక నువ్వే తినాలి పెద్దయ్యా," అని జింకలు ఏనుగును పిలుచుకొచ్చాయి.

ఎండుకొమ్మ మీద పిగిలిపిట్ట ఒంటరిగా కూర్చుని ఉంది.

"తిను మామా. గడ్డి బాగానే వచ్చింది," అంది.

ఏనుగు తొండం గడ్డి దాకా వెళ్లి ఆగిపోయింది. అది గూడు పడిన చోటు. ఏనుగు తల దించుకుని, ఏమీ తినకుండానే వెనక్కి తిరిగింది.