వాకిట్లో చెక్కబూట్లు

క్రెస్టెన్ సముద్రం మీదికి వెళ్లి మూడు రోజులయింది. మర్నాటికే రావలసిన పడవ ఇంకా రాలేదు. స్కాగెన్ రేవులోని బెస్తవాళ్లందరిలాగే అతనూ పొడుగు తోలుబూట్లు తొడుక్కుని, చెక్కబూట్లను తలుపు లోపలి పక్కన, మొనలు ఇంట్లోకి తిప్పి విడిచివెళ్లాడు. అలా విడిస్తే మనిషి తిరిగొస్తాడని వాళ్ల నమ్మకం.

సాయంత్రం పక్కింటి లార్స్ బాబాయి క్రెస్టెన్ భార్య బోదిల్‌కి చేపల సూపు తెచ్చిచ్చి, గోడ మీది బొమ్మ చూసి నవ్వాడు. నిరుడు ఈ ఇంట్లో దిగిన చిత్రకారుడు నూనెరంగులతో వేసిన బొమ్మ అది. వంటగదిలో బంగాళాదుంపలు ఒలుస్తున్న బోదిల్ వీపు, తలుపు పక్కన మొనలు ఇంట్లోకి తిరిగిన ఆ చెక్కబూట్లు.

"నీ మొహం వెయ్యడానికి జడిసినట్టున్నాడమ్మాయ్, వీపుతో సరిపెట్టాడు. ఇక పడుకో. వాడొస్తే నన్ను లేపక్కర్లేదు, నువ్వు తిట్టే తిట్లకి నేనే లేస్తాలే."

బోదిల్ పడుకోలేదు. కళ్లు మూతలు పడుతుంటే దీపం ఎత్తి బొమ్మకేసి చూసింది. బొమ్మలో బూట్ల మొనలు బయటికి తిరిగి ఉన్నాయి. గబుక్కున తలుపు దగ్గరికి వెళ్లింది. అక్కడి బూట్లు మాత్రం ఎక్కడివక్కడే, పొడిగా ఉన్నాయి.

అంతలో వాకిట్లో టకటకమని చెక్కబూట్ల చప్పుడయింది.

"బాబాయ్, ఈ వేళప్పుడు నాతో ఆటలేంటి? నాకు ఓపిక లేదు."

చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగింది. బొమ్మలో ఇప్పుడు బూట్లు లేవు.

"తలుపు తియ్యవే బోదిల్," అంది క్రెస్టెన్ గొంతు. "బాగా అలిసిపోయాను."

మూడు రాత్రులుగా ఆమె చెవులు రిక్కించింది ఆ గొంతు కోసమే. గడియ మీద చెయ్యి వేసింది. అతను వెళ్లింది తోలుబూట్లతో కదా, అనుకుంది. గడియ తియ్యడానికీ, చెయ్యి వెనక్కి తీసుకోడానికీ కూడా ఓపిక లేక అలాగే నిలబడిపోయింది.

తలుపు అవతల కూడా ఎవరో అలాగే నిలబడి ఉన్నారు.