రెండే హెల్మెట్లు

మా చెట్లు కొట్టే పనికి కొమ్మల్ని పొట్టు చేసే మిషన్ని నేను ఎంచుకున్నాను. ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో హెల్మెట్లు మాత్రం నా భార్య బెథన్ ఎంచుకుని, రెండే కొంది. ఒకటి చెట్టెక్కే తనకి, ఒకటి కింద తాడు పట్టే మా పనివాడు హ్యూకి.

అప్పటినుంచి ఓక్ చెట్టు పైన ఆమె గుసగుసలు, కింద వీడి ఇకిలింపులు. మిషను దగ్గర నాకు ఒక్క ముక్కా వినబడేది కాదు. పైగా వీడొచ్చి నాకు సుద్దులు చెబుతాడు.

"అన్నా, చొక్కా చేతుల గుండీలు పెట్టుకో. లేకపోతే మిషను కొమ్మతోపాటు నిన్నూ లాగేస్తుంది."

ఇవాళ హ్యూ వ్యాన్లోంచి ఫ్లాస్కు తేవడానికి వెళ్తూ హెల్మెట్ వదిలాడు. మిషను ఆపి, దాన్ని నెత్తిన పెట్టుకున్నాను.

"మిషను ఆగిందేం హ్యూ? మా ఆయన చేతులు బానే ఉన్నాయా? గుండీల సంగతి నువ్వే చెబుతుండు. నేనన్నానని తెలిస్తే అలుగుతాడు" అని చెవిలో బెథన్ నవ్వింది.

గుండీలు పెట్టుకుని, ఆమెకి వినబడేలా మిషను మళ్ళీ వేశాను.