ముప్పై ఒకటో పేజీ

శ్రీదుర్గ ఎలక్ట్రికల్ ఇంజనీరన్న మాటే గాని, పుట్టింట్లో మిక్సీ మూడు నెలలుగా మూలుగుతున్నా మూత విప్పి చూసిన పాపాన పోలేదు. తల్లి వెంకాయమ్మ ఈ సంగతి సత్తెనపల్లి బస్సులో పక్క సీటావిడకు కూడా చెప్పేసింది.

"పుణేలో బండ్ల పరిశోధనంటూ తొమ్మిదేళ్ళు ఉందండీ. ఏం చేస్తావే అక్కడ అంటే, డబ్బాలు గీస్తానమ్మా అనేది. డబ్బాలు గీయడానికి అంత చదువెందుకో!"

ఇప్పుడు ఆ ఉద్యోగమూ మానేసింది. కన్సల్టెంటట. ఎక్కడ ఏ కరెంటు బండి మొరాయించినా వెళ్ళి, ఎందుకు మొరాయించిందో కాగితం రాసిచ్చి వస్తుంది.

అలాంటి కాగితం కోసమే ఆ రోజు గుంటూరులో, మిర్చి యార్డు వెనక షెడ్డులో, ముగ్గురు మగవాళ్ళు ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డారు.

ఒకరు శరత్‌చంద్ర. నలభై బ్యాటరీ ఆటోలు తిప్పే కంపెనీకి మేనేజరు. ఇంకొకరు వాళ్ళ మెకానిక్కు. మూడో మనిషి డ్రైవరు జాన్ బాషా.

నాలుగు రోజుల కిందట గోనె బస్తాల్లో కుక్కిన మిరప టిక్కీలతో వెళ్తున్న బాషా ఆటో నడిరోడ్డు మీద ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనక వస్తున్న మోటారు సైకిలు వచ్చి గుద్దుకుంది. దాని మీదున్నాయన కాలు రెండు చోట్ల విరిగింది.

శరత్‌చంద్ర చేతిలో టైపు చేసిన కాగితం సిద్ధంగా ఉంది. 'బండి ఆగిపోవడానికి తప్పు నాదే.' అంతే. కింద సంతకానికి ఒక గీత.

"పెట్టెయ్ బాషా. లైసెన్సు పోతుంది, అంతేగా. పెట్టకపోతే స్టేషన్లో తేల్చుకోవాలి."

"లైసెన్సు పోతే ఇంకేం మిగిలిద్ది సార్? ఇరవై రెండేళ్ళుగా నాకొచ్చిన పని ఇదొక్కటే."

శ్రీదుర్గ ఆటో వెనక సరుకు తొట్టి కిందకు వంగింది. మోటారుకు ఎంత కరెంటు పంపాలో చూసే కంట్రోలరు అక్కడే ఉంటుంది. దాన్ని చూసి, వంగినది వంగినట్టే ఉండిపోయింది.

"నడుం పట్టేసిందా మేడమ్?" అన్నాడు మెకానిక్కు.

"స్క్రూడ్రైవరివ్వండి."

"మూడు స్క్రూలూ తీశామండి. అయినా మూత రావట్లా. రెండ్రోజులుగా గుంజుతున్నాం."

ఆమె గోటితో స్టిక్కరు మూల గీకింది. దాని కింద నాలుగో స్క్రూ.

"అనుభవమంటే అదీ!" అన్నాడు శరత్‌చంద్ర.

మూత లేచింది. మూతకు పైన పెన్సిలు మొనంత గాలి రంధ్రం. లోపల సర్క్యూటు నిండా ఎర్రటి ముద్ద. మిరప పొడి నీళ్ళతో కలిసి ఆ రంధ్రంలోంచి దిగి, పేరుకుని, పెచ్చుకట్టింది. షెడ్డులో నలుగురూ ఒకేసారి తుమ్మారు.

"నీళ్ళెలా పోయాయి బాషా గారూ?"

బాషా దాచలేదు. "టిక్కీలు దింపేముందు నాలుగు చెంబులు చల్లుతానండి. లేకపోతే పొడి లేచి హమాలీల కళ్ళు మండిపోతాయి. మిరపకాయ తోలే ప్రతివాడూ చల్లుతాడు. ఎవర్నైనా అడగండి."

"అదీ సంగతి!" శరత్‌చంద్ర బండితో వచ్చిన పుస్తకం తెరిచాడు. "తొట్టిలో నీళ్ళు పోయకూడదని ఇందులో స్పష్టంగా ఉంది. ఇక్కడే ఎక్కడో..."

"ముప్పై ఒకటో పేజీ," అంది శ్రీదుర్గ తలెత్తకుండా.

అక్కడే ఉంది.

"ఇంగ్లీషులో రాస్తే నాకెట్టా తెలిసిద్ది సార్?"

"తెలుసుకోకపోవడం నీ తప్పా, నా తప్పా?"

ఇంతలో శ్రీదుర్గ ఫోను మోగింది. వెంకాయమ్మ.

"ఏమే, మిక్సీ సంగతి..."

"పనిలో ఉన్నానమ్మా."

"ఎప్పుడూ పనే. మీ నాన్నా అంతే. కాయ రేపు యార్డుకి తోలాలని పొద్దున్నుంచీ కల్లంలో నీళ్ళు చల్లుతూనే ఉన్నాడు. చిన్నప్పుడు చెంబు పట్టుకుని ఆయన వెనకే తిరిగేదానివి. ఇప్పుడు ఫోనెత్తడానికే తీరిక లేదు నీకు!"

ఫోను పెట్టేసి, శ్రీదుర్గ మూత మీది గాలి రంధ్రాన్ని వేలితో మూసి చూసింది.

"మిగతా ఆటోల్లో కూడా ఈ కంట్రోలరేనా?" అంది.

"అన్నిట్లో ఇదే మేడమ్. ఎండ, వాన, దుమ్ము, అన్ని పరీక్షలూ పాసైన సరుకు."

"తెలుసు."

శరత్‌చంద్ర గొంతు తగ్గించాడు. "మీరు రాయాల్సింది ఒక్క ముక్క. డ్రైవరు వాడకంలో పొరపాటు. ఇక మా బండ్ల పనంతా మీదే. కాదని కంపెనీ మీదకు తెచ్చారనుకోండి, మళ్ళీ మిమ్మల్ని పిలిచేవాడుండడు."

శ్రీదుర్గ నుదుటి మీద చెమట పట్టింది. బాషా అది చూశాడు. ఆమె మాత్రం అతని వైపు చూడలేకపోయింది.

"రాసేయండి మేడమ్," అన్నాడు బాషా. "చూసిందే రాస్తారు. మధ్యలో మీరేం చేశారు పాపం!"

అతను పెన్ను తీసుకున్నాడు. కాగితాన్ని ఆటో సీటు మీద పరిచాడు. గీత ఎక్కడుందో వెతుక్కున్నాడు.

శ్రీదుర్గ అతని చేతిలోంచి పెన్ను లాక్కుంది. కాగితం తన వైపు తిప్పుకుని, గీత మీద సంతకం పెట్టింది.

"అయ్యో మేడమ్! సాక్షి సంతకం ఇంకా కిందండీ. అది తప్పు చేసినవాళ్ళు పెట్టే చోటు!"

"సరిగ్గానే పెట్టాను శరత్‌చంద్ర గారూ," అంది శ్రీదుర్గ, "మిరపకాయల ఇంట్లో పుట్టి కూడా, గాలి రంధ్రం పైకి పెట్టి పుణేలో ఈ డబ్బా గీసింది నేనే, తప్పు నాదే."